ఆఖరి మనిషి ఇల్లు చేరేదాకా

(గౌలిపురాలో జరిగిన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున గౌలిపురాలో ఒక దూర నడక, పరుగు కార్యక్రమం పెట్టుకోగలమా, పెట్టుకుంటే ఎలా పెట్టుకోవాలి అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. కార్యవర్గంలో దీని మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. యువకులకు పరుగుపందెం పెట్టి కప్పులు ఇద్దామని కొందరన్నారు. ఈ వయసులో మనకెందుకీ హైరానా అని మరికొందరన్నారు. ఇద్దరి మీదా గౌరవంతోనే నా మనవి వేరుగా ఉంది. ఈ కార్యక్రమం పెట్టాలి. పెట్టవలసినవాళ్ళం మనమే. ఎవరు ముందు వచ్చారన్నది లెక్కపెట్టకుండా, అందరికంటే చివర నడిచే మనిషి క్షేమంగా ఇల్లు చేరాడా అన్నది లెక్కపెట్టేలా దీన్ని పెట్టాలి.

దూరం నడవటం, నడిచేవాళ్ళకు ఏర్పాట్లు చేయటం మన పాతబస్తీకి కొత్త విద్య కాదు. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలప్పుడు నెత్తిన బోనమెత్తుకొని ఆడవాళ్ళు ఎంతసేపు వరుసలో నిలబడతారో మీకు తెలుసు. హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయం ఘటం ఏనుగు మీద బయలుదేరి నయాపూల్ చేరేదాకా వెంట నడిచేవాళ్ళు ఎంతమందో కూడా తెలుసు. మొహర్రం పదోరోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం చాదర్‌ఘాట్ దాకా వెళుతుంది. బోనాలకు బస్తీ కుర్రాళ్ళు నీళ్ళ డ్రమ్ములు పెడతారు. మొహర్రానికి దారి పొడుగునా సబీళ్ళు వెలుస్తాయి. ఎండాకాలం చలివేంద్రాలు సరేసరి. పెద్ద నగరాల మారథాన్ పరుగుల్లో రెండు మూడు కిలోమీటర్లకొకటి నీళ్ళ కేంద్రం ఉంటుందని పేపర్లో చదివి మనం అబ్బురపడతాం. అది మన చలివేంద్రమే, మన సబీలే.

పోతే, మన పక్కనే జరిగిన ఒక పెద్ద నడకను ఇక్కడ తలుచుకోవాలి. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. ఆ సభకు రావడానికి వినోబా భావే మార్చి 8న వార్ధా దగ్గరి పవనార్ ఆశ్రమం నుంచి కాలినడకన బయలుదేరారు. దూరం సుమారు 300 మైళ్ళు, అంటే 480 కిలోమీటర్లు. నెలరోజులు నడిచి వచ్చారు. సమ్మేళనం ముగిశాక తెలంగాణ పల్లెలకు మళ్ళీ కాలినడకనే బయలుదేరి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడ వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తానన్న సంగతి, దానితో భూదానోద్యమం పుట్టిన సంగతి అందరికీ తెలిసినవే. ఆ తరువాత 13 ఏళ్ళపాటు ఆయన దేశమంతా నడుస్తూనే ఉన్నారు. పవనార్ నుంచి బయలుదేరిననాడు వినోబాగారి వయసు 55. సర్వీసు నిబంధనల్లో 55 అంటే ఏమిటో మన సభ్యులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1983లో ఆ అంకె విని ఎందరు రాత్రికి రాత్రి ఇంటిదారి పట్టారో మీలో కొందరికి స్వానుభవం. 2021లో తెలంగాణలో ఆ వయసు 61 అయింది. ఆర్డరు మారితే వయసు మారేది ఫైళ్ళలోనే, కాళ్ళకు ఆ సంగతి తెలియదు.

"వినోబాగారంటే మహానుభావులు, మనమెక్కడ" అంటారు. సరే, మామూలు మనుషుల సంగతికే వద్దాం. నెదర్లాండ్స్ దేశంలో నైమేగెన్ అనే పట్టణం ఉంది. అక్కడ ఏటా నాలుగు రోజుల నడక జరుగుతుంది. 1909లో మొదలైన ఆచారం అది. వయసును బట్టి రోజుకు 30, 40 లేక 50 కిలోమీటర్లు నడవాలి. వేలాది మంది వస్తారు. ఇన్ని వేలమందిలో మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఉండవు. నాలుగు రోజులూ పూర్తిచేసిన ప్రతివారికీ పతకం. 2006లో మొదటిరోజు ఎండ తీవ్రతకు ఇద్దరు నడకరులు మరణించారు. నిర్వాహకులు మిగతా మూడు రోజుల నడకను రద్దు చేశారు. ఏడాది పొడుగునా చేసుకున్న ఏర్పాట్లను ఒక్క రాత్రిలో వదులుకున్నారు. కార్యక్రమం నడపడానికి ఎంత సమర్థత కావాలో, ఆపడానికి అంతకంటే ఎక్కువ గుండెదిటవు కావాలి. మనం ఒక కమిటీ వేసుకుంటే, ఆపే అధికారం ఎవరిదో మొదటి సమావేశంలోనే రాసుకోవాలని నేను దీన్నిబట్టి గ్రహించాను.

ఇంకొకటి లండన్ నగరంలోని బుషీ పార్కు సంగతి. 2004 అక్టోబరులో ఒక శనివారం ఉదయం 13 మంది కలిసి 5 కిలోమీటర్లు పరుగెత్తారు. రుసుము లేదు, బహుమతి లేదు. వారం వారం జరుగుతూ అది దేశదేశాలకు పాకింది. దాన్ని పార్క్‌రన్ అంటారు. ప్రతి చోటా నడిపేది వాలంటీర్లే. వాళ్ళలో ఒకరికి ప్రత్యేకమైన డ్యూటీ ఉంటుంది. అందరి వెనకాల నడవటమే ఆ డ్యూటీ. ఎంత నెమ్మదిగా నడిచేవారైనా సరే, వారి వెనక ఈ వాలంటీరు ఉంటాడు. ఆఖరున వచ్చాననే చిన్నతనం ఎవరికీ కలగకూడదని, దారిలో ఎవరూ ఒంటరిగా మిగిలిపోకూడదని ఈ ఏర్పాటు. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ మనకెందుకు తట్టలేదా అని నాకు ముచ్చట వేసింది.

మన నగరం సంగతికి వస్తే, హైదరాబాద్ రన్నర్స్ సంస్థవారు 2011 నుంచి మారథాన్ నిర్వహిస్తున్నారు. సాధారణంగా ఆగస్టు చివరలో ఒక ఆదివారం తెల్లవారకముందే హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి దాకా సాగుతుంది. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంత ఓపిక లేనివారికి సగం దూరం, 10 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు కూడా ఉన్నాయి. 2023లో మా అమ్మాయి, ఆమె స్నేహితులు వాలంటీర్లుగా వెళుతుంటే నేను కూడా ఒక నీళ్ళ బల్ల దగ్గర నిలబడ్డాను. అక్కడ నేర్చుకున్నవి మన కార్యక్రమానికి పనికొస్తాయి గనుక చెబుతున్నాను.

గ్లాసు నిండా నీళ్ళు పోయకూడదు, సగమే పోయాలి. నిండా పోస్తే పరుగెత్తేవాడి చొక్కా తడుస్తుంది, నీళ్ళు వృథా అవుతాయి. అందరూ మొదటి బల్ల దగ్గరే ఎగబడతారు గనుక, "వెనక బల్లలు ఖాళీ, ముందుకు రండి" అని ఒక గొంతున్న మనిషి అరుస్తూనే ఉండాలి. మన రేషను షాపు క్యూలు చూసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. ఉత్త నీళ్ళే అదే పనిగా తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు తగ్గి మనిషి తూలిపోతాడు. అందుకని ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు కూడా ఉంచాలి. మొదటి గంటలో వచ్చేవాళ్ళు గాలిలా పోతారు. అప్పుడు ఫోటోలు తీసేవాళ్ళకు కొదవ ఉండదు. మూడో గంట దాటాక వచ్చేవాళ్ళున్నారే, వాళ్ళకు నీళ్ళకంటే పలకరింపు అవసరం. ఆ వేళకు మా బల్ల దగ్గర సగం మంది టిఫినుకు వెళ్ళిపోయారు. అరవై దాటిన ఒక పెద్దమనిషి కుంటుకుంటూ వచ్చి, గ్లాసు అందుకొని, "ఇంకా ఉన్నారా మీరు?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు.

అయ్యా, ఇంకా ఉండటం అనే విద్యలో మనల్ని మించినవాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు మనం చేసింది అదే కదా! ఎన్నికల డ్యూటీలో బ్యాలెట్ పెట్టె అప్పజెప్పి రసీదు చేతికి వచ్చేదాకా అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. జనాభా లెక్కల్లో తాళం వేసిన ఇంటికి నాలుగుసార్లు తిరిగాం. ఏ నడక కార్యక్రమానికైనా కావలసిన పనులు చూడండి. ఎవరెవరు బయలుదేరారో పేరు రాసుకొని, ఎవరెవరు తిరిగి వచ్చారో టిక్కు పెట్టుకోవాలి. అది మస్టరు రోల్. ఎన్ని గ్లాసులు, ఎన్ని అరటిపళ్ళు కావాలో ముందే అంచనా వేసి, మిగిలినవి లెక్క చెప్పాలి. అది ఇండెంటు, స్టాకు రిజిస్టరు. పోలీసువారికి, ట్రాఫిక్‌వారికి, నగరపాలక సంస్థకు అర్జీలు పెట్టి, ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోవాలి. ఆ విద్య మనకు ఒకరు నేర్పాలా? దూరం కొలవాలి. మారథాన్ దారులను ఉక్కు టేపుతో సరిచూసిన సైకిలు చక్రంతో కొలుస్తారు. మనలో రోడ్లు, భవనాల శాఖలో పనిచేసినవారు ఉన్నారు, వారు కొలిచిన దూరానికి తిరుగుండదు.

ఇక ఆరోగ్యం మాట. రోజుకు పదివేల అడుగులు నడవాలని పిల్లలు ఫోన్లు చూపించి మనల్ని బెదిరిస్తుంటారు. ఆ పదివేల అంకె వైద్యుడు చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి పదివేల అడుగుల మీటరు అని పేరు పెట్టింది. 2019లో అమెరికాలో సుమారు 16,700 మంది స్త్రీల మీద చేసిన పరిశీలన ఒకటి వెలువడింది. వాళ్ళ సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా పెద్ద లాభం కనిపించలేదు. కాబట్టి పదివేలు కాలేదని దిగులుపడి నడక మానేయవద్దు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుకుగా కదలాలని, 65 దాటినవారు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడిగి మరీ పేరివ్వాలి. షుగరు మందు వేసుకొని ఏమీ తినకుండా ఎవరూ బయలుదేరకూడదు. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ తప్పనిసరి.

పరుగు అనేసరికి ఉలిక్కిపడేవారి కోసం ఫౌజా సింగ్‌గారి పేరు చెబుతాను. పంజాబులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆయన 2000లో లండన్ మారథాన్ పూర్తిచేసినప్పుడు వయసు 89. 2011లో టొరంటోలో మళ్ళీ పూర్తిచేసినప్పుడు 100. జనన ధ్రువీకరణ పత్రం లేదు గనుక గిన్నిస్‌వారు ఆ రికార్డును ఒప్పుకోలేదు. సర్వీసు పుస్తకంలో పుట్టినతేదీ కోసం మనలో ఎందరు తిరిగారో గుర్తుచేసుకుంటే, ఆయన మన మనిషే అనిపిస్తుంది. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద వాహనం ఢీకొని ఆయన కన్నుమూశారు. నూరేళ్ళు దాటినా కాళ్ళు ఆయనను మోశాయి. ప్రాణం తీసింది రోడ్డు. మనం భయపడవలసింది మన వయసుకు కాదు, మన రోడ్డుకు. వాలంటీర్లు ఎక్కువమంది ఎందుకని అడిగేవారికి ఇదే నా జవాబు.

ఇప్పుడు నా ప్రతిపాదన మీ ముందు పెడుతున్నాను. వచ్చే డిసెంబరులో నాలుగు ఆదివారాలు పెట్టుకుందాం. జనవరి అయితే సంక్రాంతి పతంగుల మాంజా మెడకు తగిలే భయం ఉంది. తెల్లవారి వెలుగు వచ్చాకే బయలుదేరాలి, చీకట్లో గుంతలు కనపడవు. మనిషికి 3 కిలోమీటర్ల చొప్పున 40 మంది నడిస్తే ఒక ఆదివారానికి 120 కిలోమీటర్లు. నాలుగు ఆదివారాలకు 480. వినోబాగారు పవనార్ నుంచి శివరాంపల్లికి నడిచినంత దూరం. ఆయన ఒక్కరు నెలరోజులు నడిచినది మనం నలభైమందిమి కలిసి నెలరోజుల్లో నడుద్దాం. ఎవరెంత నడిస్తే అంత రిజిస్టరులో ఎక్కిద్దాం. మనవడు 10 కిలోమీటర్లు పరుగెత్తితే పది. మోకాళ్ళ నొప్పితో అక్కయ్యగారు వాకిట్లోంచి చౌరస్తా దాకా వచ్చి వెళితే అది కూడా అదే పేజీలో, అదే సిరాతో. మెట్లు దిగలేనివారు డాబా మీద నడిచి ఫోనులో చెప్పినా రాసుకుందాం.

దారి గౌలిపురా నుంచి లాల్‌దర్వాజా, శాలిబండ వైపు అనుకుంటున్నాను. మెట్రో కోసం 2025లో దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా కూల్చివేతలు మొదలయ్యాయి. అందువల్ల మూడు రోజుల ముందు ఒకసారి, ముందురోజు మరోసారి మనవాళ్ళు నడిచి చూసి, మూత లేని మురికికాలువ దగ్గర, కుక్కలుండే మలుపు దగ్గర ఒక్కొక్క వాలంటీరును నిలబెట్టాలి. ఇంకొక మాట మొహమాటం లేకుండా చెబుతాను. మన వయసువారు, ముఖ్యంగా ఆడవారు, బయటికి రావడానికి జంకేది నడకకు కాదు, మరుగుదొడ్డికి. దారిలో మన సభ్యుల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కవేసి, ఆ నాలుగు ఆదివారాలూ ఎవరెవరు తలుపు తీసి ఉంచుతారో ముందే పేర్లు తీసుకొని నడిచేవారికి చెప్పాలి. అవసరమైతే 108కి ఎవరు ఫోను చేయాలో, ఏ గల్లీ మొగదల అంబులెన్సు తిరుగుతుందో కూడా ముందే అనుకోవాలి.

కప్పులు, షీల్డులు వద్దని నేనంటే కుర్రవాళ్ళు నొచ్చుకోవచ్చు. నాయనా, పరుగులో గెలవాలంటే మన నగరంలో మీకు చాలా పోటీలున్నాయి, వెళ్ళి గెలిచి రండి, మేము చప్పట్లు కొడతాం. ఇక్కడ కప్పు పెట్టామంటే మొదటి ముగ్గురు వచ్చేసరికి సభ ముగుస్తుంది, షామియానా విప్పేస్తారు. అప్పటికి మన నలభైమందిలో ముప్ఫైమంది ఇంకా దారిలోనే ఉంటారు. కుర్రవాళ్ళను నేను కోరేది అంతకంటే కష్టమైన పని. వారానికి ఇద్దరు చొప్పున అందరి వెనకాల నడవండి. పరుగెత్తగల కాళ్ళను ముసలివాళ్ళ నడకకు తగ్గించుకొని, తొందరపెట్టకుండా, జాలి చూపించకుండా, కబుర్లు చెబుతూ నడవండి.

ఇదంతా ఎందుకు అంటే, ఒక్క సంగతి ఆలోచించండి. ఇదివరకు లైఫ్ సర్టిఫికెట్ కోసమైనా మనం ఏడాదికొకసారి బ్యాంకుకో ట్రెజరీకో వెళ్ళేవాళ్ళం. అక్కడ వరుసలో పాత మిత్రులు కనపడేవారు. ఎవరున్నారో, ఎవరు పోయారో తెలిసేది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, తరువాత ఫోనులో ముఖం చూపిస్తే చాలన్నారు. మంచాన పడ్డవారికి ఇది వరం, నేను కాదనను. కానీ కాళ్ళున్నవారికి గడప దాటే ఒక కారణం పోయింది. మన జాబితాలో ఫ్యామిలీ పెన్షను తీసుకొనే అక్కయ్యలున్నారు. పిల్లలు దూరదేశాల్లో ఉండి, భార్య పోయాక తలుపు వేసుకొన్న మిత్రులున్నారు. వాళ్ళు బతికి ఉన్నారని ప్రభుత్వానికి తెలుసు. పక్క గల్లీలో ఉన్న మనకు తెలియదు. ఆ నాలుగు ఆదివారాల మస్టరులో ఒక పేరు ఎదుట టిక్కు పడకపోతే, ఆ మధ్యాహ్నమే ఎవరో ఒకరు వెళ్ళి ఆ తలుపు తడతారు. నా దృష్టిలో ఈ కార్యక్రమానికి ఉన్న అసలు ప్రయోజనం అది. నడక అందుకు ఒక సాకు.

కార్యదర్శిగారి బల్ల మీద రెండు కాగితాలు పెట్టించాను. ఒకటి నడిచేవారికి, ఒకటి నిలబడేవారికి. రెండో కాగితం ముందు నిండాలని నా కోరిక. ఆఖరి గంట డ్యూటీకి నా పేరు రాసి వచ్చాను. పక్కన ఇంకో నలుగురికి చోటుంది.